భువనగిరి బండ మీద నీటి జాడ

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు కిటికీలోంచి చిన్ననాటి నుంచీ చూస్తున్న బండే అయినా, భువనగిరి కోట ఎక్కడం నాకు మొన్నటి చలికాలంలోనే కుదిరింది. నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి చిన్నాయన కూడా వచ్చాడు. జీవితమంతా బావి, చెరువు, కాలువల లెక్కల్లో గడిపిన రైతు ఆయన.

500 అడుగులకు పైగా ఎత్తున, గుడ్డును నిలబెట్టినట్టున్న ఏకశిల ఇది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు (పాలన 1076–1126) తన బిరుదైన త్రిభువనమల్ల పేరిట దీన్ని త్రిభువనగిరి అన్నాడని, అదే వాడుకలో భువనగిరి అయిందని చెబుతారు. తరువాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు ఏలారు. కింది దర్వాజాల కమానులు ముస్లిం పాలకుల కాలపు పనితనమని చూడగానే తెలుస్తుంది. బండ వాలుగా ఉన్నచోటనే బురుజులు, గోడలు కట్టి, నిట్టనిలువుగా జారే వైపును బండకే వదిలేసిన ఆ పొదుపు నాకు రాజుల వైభవం కన్నా గొప్పగా తోచింది.

కల్లుగీత ఇంట పుట్టి మొఘలులపై తిరగబడ్డ సర్వాయి పాపన్న 1708లో ఈ కోట మీద దాడి చేశాడని నేను చెప్పగానే, ఆయాసపడుతూనే చిన్నాయన నవ్వాడు: "తాళ్లెక్కే ఇంట్ల పుట్టినోనికి గీ బండెంత బిడ్డా!"

పైన కమానుల మహల్‌లో గాలి బాగా వీస్తోంది. నేను గచ్చు రాలిన గోడలను చూస్తుంటే, చిన్నాయన మాత్రం రాతి గుంటల దగ్గరే ఆగిపోయాడు. ఊట లేని బండ మీద దండు నెలల తరబడి నిలవాలంటే వాన నీరే దిక్కు కనుక, వాలు వెంట జారే నీటిని నిలపడానికి తొలిచిన గుంటలవి. గోడ బలమైన శత్రువును ఆపవచ్చు గానీ, దాహాన్ని ఆపలేదు కదా. ఆ లెక్కన ముట్టడిని తట్టుకునే శక్తి ఫిరంగుల్లో కన్నా ఈ గుంటల్లోనే ఎక్కువ ఉండి ఉంటుంది. ఇప్పుడు వాటిలో పాచి పట్టిన నీళ్లు, ప్లాస్టిక్ సీసాలు.

చిన్నాయన వంగి, కండువా చెంగుతో ఒక సీసాను ఒడ్డుకు లాగి, బండ వాలును చేత్తో తడిమి చూశాడు. "గిటు దిక్కు నుంచే వస్తయి నీళ్లు," అని ఎగువకు చూపించాడు. దిగేటప్పుడు ఆ సీసా ఆయన చేతిలోనే ఉంది.