రాజీవ్ చౌక్‌లో రైలు మారడం

ఢిల్లీకి కొత్తగా వచ్చే మనవాళ్లకు ముందే వచ్చినవాళ్లు మెట్రో రైలు గురించి చెప్పే జాగ్రత్త ఒకటుంది: "రాజీవ్ చౌక్‌లో మాత్రం మారకు, నలిగిపోతావ్." నాకు మా పీజీలో ఉండే అక్క చెప్పింది. అయినా జీటీబీ నగర్ నుంచి నోయిడా సెక్టార్ 16లో ఆఫీసుకి వెళ్లే నేను రోజూ అక్కడే మారతాను. నాకు ఆ స్టేషన్ అంటే ఇష్టం.

ఢిల్లీ నడిబొడ్డున ఉన్న కన్నాట్ ప్లేస్ మధ్యలో పార్కు ఉంది కదా, స్టేషన్ దాని కిందే. 2005 జులైలో ఎల్లో లైన్ వచ్చింది, అదే ఏడాది డిసెంబర్ 31న బ్లూ లైన్. రెండూ పక్కపక్కన కాదు, ఒకదాని కింద ఒకటి. పైన బ్లూ, కింద ఎల్లో. ఎల్లో దిగి మెట్లెక్కితే బ్లూ వచ్చేస్తుంది. ఈ సుఖం విలువ తెలియాలంటే పింక్ లైన్ దిగి ఎయిర్‌పోర్ట్ లైన్ ఎక్కడానికి ధౌలా కువా దాకా నడవాలి, కిలోమీటరు పైనే. ఆ పింక్ లైన్ స్టేషన్‌కి మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుంది. ఆ బోర్డు చూస్తే గర్వంగా ఉంటుంది, నడక మాత్రం నడకే.

దగ్గరగా ఉండటం వల్లే రాజీవ్ చౌక్‌లో రద్దీ కూడా. ఎనిమిది పెట్టెల బండిలోంచి దిగినవాళ్లలో చాలామంది అవే మెట్ల మీదికి వస్తారు. పైనుంచి దిగేవాళ్లు ఎదురొస్తారు. ఉదయం తొమ్మిదింటికి టెన్షన్ అంతా ఆ మెట్ల దగ్గరే, ప్లాట్‌ఫామ్ మీద కాదు. నేను ముందున్న ఆడవాళ్ల పెట్టెలో ఎక్కుతాను. దిగి మెల్లగా నడిచి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మొదట దూకినవాళ్లు పైకెళ్లిపోయి ఉంటారు. పరుగెత్తి పట్టుకునేంత గొప్ప బండి ఏదీ లేదు, వెనకే ఇంకోటి వస్తుంది.

జనం మొరటుగా ఉంటారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మొన్న ఎస్కలేటర్ ముందు ఒక పెద్దావిడ కాలు పెట్టడానికి భయపడి ఆగిపోయింది. వెనక అంతమంది ఉన్నా ఒక్కరూ అరవలేదు. కాలేజీ పిల్ల ఒకతె "ఆంటీ, మేరా హాథ్ పకడియే" (నా చెయ్యి పట్టుకోండి) అంటూ చెయ్యిచ్చి పైదాకా తీసుకెళ్లింది.

మీ అమ్మానాన్నలు పెట్టెలతో న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగి నోయిడా రావాలంటే మాత్రం వేరే దారి చెప్తాను. ఎల్లో లైన్‌లో రాజీవ్ చౌక్ దాటేసి సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగండి. అక్కడ వయొలెట్ లైన్ ఎక్కితే జన్‌పథ్ తర్వాత మండీ హౌస్, అక్కడ బ్లూ లైన్. రెండుసార్లు మారాలి, టైమూ కాస్త ఎక్కువే. కానీ సామానుతో ఆ మెట్ల రద్దీలో పడే బాధ తప్పుతుంది.

ఒంటరిగా, చేతిలో ఒక్క బ్యాగుతో వెళ్లేవాళ్లయితే రాజీవ్ చౌక్‌లోనే మారండి. ఎక్కేముందు బోర్డు చూసుకోండి, ఒకే ప్లాట్‌ఫామ్ మీదికి వైశాలి బండీ వస్తుంది, నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ బండీ వస్తుంది. తొందరలో వైశాలిది ఎక్కేసినా కంగారు పడొద్దు. యమునా బ్యాంక్‌లో దిగి నోయిడా బండి ఎక్కితే సరిపోతుంది.