సీవాళి కుదిరే దాకా

నాదస్వరం పొడవు చూసి, కష్టమంతా అందులోనే ఉందనుకుంటారు. నాకు తిప్పలు పెట్టింది మాత్రం దాని నెత్తిన కూర్చునే చిటికెడు రెల్లు ముక్క. మేం సీవాళి అంటాం, పెళ్ళివాళ్ళకు అది పీక.

మాది ఒంగోలు పక్క పల్లె. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ గారు పుట్టిన కరవది మాకు దగ్గరే. 1924లో అక్కడ పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న మనిషి. తోడి రాగం ఆలాపనలో నేను ఎక్కడ తొందరపడినా నాయన ఆయన పేరే ఎత్తేవాడు. ఆ పోలికతో ఎన్నిసార్లు ఒళ్ళు మండిందో!

పెళ్ళిళ్ళు, గుడి మేళాలతో ఇల్లు గడుస్తోంది గానీ, నలుగురు పిల్లలు పాఠానికి రావాలంటే రేడియో గ్రేడు ఉండాలన్నారు. ఆకాశవాణిలో బి, బి హై, ఎ, టాప్ అని మెట్లుంటాయి. నేను బి కి దరఖాస్తు పెట్టాను.

రేడియో స్టేషన్లో పరీక్ష రోజున డోలుకు మా బావ వచ్చాడు. స్టూడియోలో ఏసీ బాగా చల్లగా ఉంది. మా వంతు వచ్చేదాకా సీవాళి నోట్లో పెట్టుకోకుండా, మర్యాదగా చేతిలో పట్టుకుని కూర్చున్నా. అదే నా తెలివి. ఎర్ర లైటు వెలిగాక ఊదితే, ఎండిపోయిన రెల్లు పలకదే! పై షడ్జమం, అంటే పై స, చీలిపోయింది. దానికి తోడు చలికి గొట్టంలో గాలి చల్లబడి శ్రుతి కిందికి జారింది. నాదస్వరం అడుగున వేళ్ళతో పనిలేని రంధ్రాలు ఐదుంటాయి. వాటికి మైనం పెట్టి శ్రుతి దిద్దుకుంటాం. మధ్యలో ఆపి మైనం గిల్లుకుంటానంటే ఎవరు ఊరుకుంటారు? ఫలితం గురించి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక నాయన తిట్టలేదు. "ఏసీ గది ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడు" అన్నాడంతే.

మేనల్లుడికి ఒంగోల్లో సెల్‌ఫోన్ల కొట్టుంది. రాత్రి పదికి షట్టర్ సగం దించి, ఏసీ వేసి, అద్దాల అల్మరాల మధ్య కూర్చుని వాయించేవాణ్ణి. మొదట పావుగంట సీవాళిని పెదాల మధ్యే నానబెట్టడం, తర్వాత ఊరికే ఊదుతూ గొట్టాన్ని వెచ్చబెట్టడం, ఆపైన శ్రుతిపెట్టెకు సరిచూసుకోవడం. పది సీవాళుల్లో మూడే ఆ చలికి నిలిచాయి. పక్క టీ కొట్టాయన ఒకరోజు తొంగిచూసి, "ముహూర్తం ఈ రాత్రికేనా?" అన్నాడు. మేనల్లుడు వారం రోజులు తలెత్తుకోలేకపోయాడు.

రెండోసారి గ్రేడు వచ్చింది. ఉత్తరం ఇంటికి వచ్చేసరికి నేను కావలిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర సినిమా పాట వాయిస్తున్నా.

ఇప్పుడు సాయంత్రాలు గుడి మండపంలో ఆరుగురు పిల్లలు. మొదటి నెలలంతా స, ప, స తప్ప ఇంకేం ఉండదు. విసుగొచ్చి ఇద్దరు మానేశారు కూడా. మొన్న ఒకడు ఫోన్‌లో ఓబో అనే పాశ్చాత్య వాయిద్యం కచేరీ చూపించాడు. అదీ మనలాగే జంట రెల్లు వాయిద్యమే. పెద్ద వాద్యబృందమంతా దాని స్వరానికే శ్రుతి చేసుకుంటుంది. అది వాయించే ఆమె మొదలుపెట్టే ముందు రెల్లును పెదాల మధ్య పెట్టుకుని నానబెడుతోంది.

"సార్, ఈమెకి కూడా ఏసీ గదే" అన్నాడు వాడు.




నాయన పక్కనుంచి ఫోన్ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఇంకోసారి మొదట్నుంచి వేయమన్నాడు.