శ్రీపాద గుట్ట, కంగాణీ ముచ్చట

మాది అచ్చంపేట, చిన్నప్పటి సంది నల్లమల అడివిల సలేశ్వరం లింగమయ్య జాతరకు పోయినోన్ని, అందుకే మా బావ "శ్రీలంకల ఒక గుట్ట ఉందంట, మీద శివుని పాదం ఉందంటరు, పోదామా" అంటే ఎన్ని మెట్లని కూడ అడగలే. ఐదున్నర వేలని ఆడికి పోయినంకనే తెల్సింది.

చెన్నై మీదుగా కొలంబో, ఆడికెంచి రైలు. కిటికీ సీటు దొరకలే, హాటన్ దాక డోరు కాడ నిలవడే పోయినం, నిజం చెప్పాల్నంటే అదే మంచిగైంది. మా దిక్కు పత్తి చేన్లు ఎట్లుంటయో ఆడ తేయాకు అట్ల, కాకపోతే నిట్టనిలువు కొండల మీద. హాటన్ టౌన్ గురించి చెప్పేటంత ఏం లేదు, ఒక మెయిన్ రోడ్డు, బస్సుల హారన్లు, సలి. అరవం బోర్డులు చూసి బావకు పానం లేసొచ్చింది, చెన్నైల బిల్డింగు పనులు చేపించినోడు కదా, మాట మంచిగనే వస్తది.

మర్నాడు ఒక టీ ఫ్యాక్టరీ చూసినం. ఆకును రాత్రంత గాలికి వాడబెడ్తరు, మిషన్ల నలుపుతరు, పర్చిపెడ్తే గాలి తగిలి రాగిరంగుకు తిరుగుతది, అప్పుడు వేడిల ఎండబెడ్తరు. డస్ట్ అంటే చెత్త అనుకునేటోన్ని, అది సైజు పేరంట, సన్నగ ఉంటది కాబట్టి జల్ది రంగు దిగుతది, మన హోటళ్లల్ల మరిగేది ఎక్కువ అదే. ఇంకొకటి, ముందు ఈ కొండలన్నీ కాఫీయేనంట. 1867ల జేమ్స్ టేలర్ అనే తెల్లోడు లూల్‌కందూరా కాడ 19 ఎకరాలల్ల తేయాకు పెట్టిండు, ఇగ 1869 సంది కాఫీకి తుప్పు తెగులు వచ్చి తోటలు పోయినయి, అందరు టీకి తిరిగిన్రు.

మస్కెలియా పోయే తొవ్వల ఆకు తెంపే ఆడోళ్లు సద్ది తినేటందుకు కూసున్నరు. బావ "అక్కా" అనుకుంట అరవంల మాట కలిపిండు. ఒకామె వాళ్ల ముత్తాతది తిరుచ్చి దిక్కని చెప్పింది, రోజుకు ఇన్ని కిలోలని లెక్క, తక్కువైతే కూలి కోస్తరన్నది, మల్ల మీరేం జేస్తరు అని అడిగింది. మేస్త్రిని, మా ఊరోళ్లను తోల్కపోయి పని చేపిస్త అన్నడు బావ. "ఓహో, కంగాణీ" అని పక్కామె దిక్కు చూసి నవ్వింది.

బావకు సమజ్ కాలే. నేను జర చదివినోన్ని కాబట్టి బస్సుల చెప్పిన. తెల్లోళ్ల కాలంల తమిళ ఊర్లల్ల అడ్వాన్సు ఇచ్చి మందిని తోల్కొచ్చేటోడే కంగాణీ, అప్పు తీరేదాక తోట దాటేది లేదు. పడవ దిగి మన్నారు కాడికెంచి అడివిల నడుసుకుంట కొండలకు వచ్చేటోళ్లు, మస్తు మంది తొవ్వలనే సచ్చిపోయిన్రు. 1948ల లంక చేసిన పౌరసత్వ చట్టంతోని వీళ్లల్ల ఎక్కువ మందికి ఏ దేశమూ లేకుండ పోయింది, 1964ల మన ప్రధాని శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో ఒప్పందం రాసుకొని 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది లంకకు అని పంచుకున్నరు, అన్నదమ్ములు గొర్లను పంచుకున్నట్టు. బావ ఏమనలే. మా తాత కూడ ఒక గుంపు మేస్త్రి ఎన్కనే డ్యాం పనికి పోయినోడు, ఆ సంగతి మా ఇద్దరికీ ఎరికే.

రాత్రి రెండింటికి గుట్ట కిందున్న నల్లతన్నియ కాడ ఎక్కుడు షురూ జేసినం. డిసెంబర్ పున్నమి సంది వైశాఖ పున్నమి దాకే యాత్ర, ఆ నెలలల్ల తొవ్వ పొడుగునా లైట్లు, చాయ్ దుకాండ్లు. బౌద్ధులు బుద్ధుని పాదం అంటరు, హిందువులు శివునిది, ముసల్మాన్లు ఆదాముది, ఎవలకూ కొట్లాట లేకుంట అందరు ఒకే మెట్ల మీద ఆయాసపడుకుంట పోతున్నరు. ఒక కాడ బుద్ధుడు ఆగి చిరిగిన బట్ట కుట్టుకున్నడంట, అందుకని సూది దారం పెట్టి ఆ దారం పైదాక పర్చుకుంట పోతరు. ఒక సింహళ ముసలామె బావ చేతిల దారం కొస పెట్టి ముందు నడువుమన్నది.

సలేశ్వరంల లోయలకు దిగుతం, ఈడ అంతా ఎక్కుడే. ఆఖరి మెట్లు మోకాళ్లు తినేసినయి. 2,243 మీటర్లు, పైన గాలికి దుప్పటి ఆగుతలేదు. అంతసేపు నోరు తెరవని బావ ఒక్కసారి "వస్తున్నం లింగమయ్యో" అని కేకేసిండు, చుట్టున్నోళ్లు తిరిగి చూసిన్రు. పాదం మాత్రం గుడి లోపల కప్పే ఉంటది, అసలుది కనపడదు, ఫోటోలు తీయనియ్యరు. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు గంట కొట్టాలె. మేం ఒక్కొక్కటి కొట్టినం, మా ఎన్క ఒక ముసలాయన కొడుతనే ఉన్నడు, నేను పదకొండు దాక లెక్కవెట్టి ఇడిసిపెట్టిన.

పొద్దు పొడిచినంక జనం పడమర దిక్కు ఉరికిన్రు. మంచు మీద గుట్ట నీడ పడ్డది, గీసినట్టు ముక్కోణం. చూస్తుంటే దగ్గరికి జరుగుకుంట జరుగుకుంట మాయమైంది.

ఇంటికొచ్చినంక బావ తెచ్చిన పొడితోని అక్క చాయ్ పెడుతుంటే "పాలు పొయ్యకు" అన్నడు. అప్పుడే ఫోన్ మోగింది, అడ్వాన్సు ఎప్పుడిస్తవని ఊర్లెకెంచి ఎవలో. మల్ల చేస్త అని పెట్టేసిండు. "పాలు లేని చాయ్ ఎట్ల తాగుతవు, జ్వరం గిట్ల వచ్చిందా" అని అక్క నుదురు ముట్టి చూసింది.