రిఫరీ మాట వినిపించేంత దూరంలో

2023 మార్చి 3 రాత్రి నేను బెంగళూరు కంఠీరవ స్టేడియంలోనే ఉన్నాను. ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్, బెంగళూరుకీ కేరళ బ్లాస్టర్స్‌కీ. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రీ కిక్ వచ్చింది. కేరళ వాళ్ళు ఇంకా సర్దుకోకముందే సునీల్ ఛెత్రీ బంతిని గోల్‌లోకి వేసేశాడు. గోలా, కాదా? రిఫరీ ఏమన్నాడు? నా చుట్టూ ఉన్న ఒక్కరికీ తెలీదు. కాసేపటికి కేరళ టీమ్ మొత్తం మైదానం వదిలి వెళ్ళిపోయింది. అంత గొడవ కళ్ళముందు జరుగుతుంటే, కె.ఆర్.పురంలో టీవీ ముందు కూర్చున్న మా చిన్నాయనకు ఫోన్ చేసి ఏమైందని అడగాల్సి వచ్చింది నేను.

"విజిల్ అక్కర్లేదని ఛెత్రీ రిఫరీకి ముందే చెప్పినట్టుండాడప్పా, గోల్ ఇచ్చేసినారు. టికెట్ కొనింది నువ్వు, మ్యాచ్ చూసింది నేను" అని నవ్వాడాయన.

తప్పు మాది కాదు. కంఠీరవ అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియం. మనకూ గ్రౌండ్‌కూ మధ్య ఎనిమిది లేన్ల ట్రాక్ ఉంటుంది. దూరం వైపు కార్నర్ కొడుతుంటే జెర్సీ నంబర్ కూడా సరిగ్గా కనబడదు. అయినా అక్కడికి ఎందుకు పోతానంటే అరవడానికి. 2016 అక్టోబర్‌లో ఆసియా క్లబ్బులు ఆడే ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్, మలేషియా టీమ్ జోహోర్ మీద. అంతకు ముందు ఏడాది కప్పు గెలిచింది వాళ్ళే. మనవాళ్ళు 3-1తో కొట్టారు, అందులో రెండు ఛెత్రీవి. పక్కన కూర్చున్న మలయాళీ అతను ఎవరో ఏమిటో తెలీదు, ఇద్దరం కావలించుకుని ఎగిరాం. మర్నాడు ఆఫీసులో మీటింగ్‌లో గొంతు పెగల్లేదు. ఫైనల్ దోహాలో ఇరాక్ టీమ్ చేతిలో 1-0తో పోయింది, దాని గురించి రాయను.

చిన్నాయన దీన్ని ఫుట్‌బాల్ చూడటం అనడు, జాతరకు పోవడం అంటాడు. ఆయన ఐటీఐలో, అంటే టెలిఫోన్లు తయారుచేసే ప్రభుత్వ కంపెనీలో, పనిచేసి రిటైరైన మనిషి. ఐటీఐ, విమానాలు చేసే హెచ్ఏఎల్ లాంటి కంపెనీలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి టీమ్‌లు నడిపిన రోజులు చూశాడు. పొద్దున షాప్‌ఫ్లోర్‌లో పక్కన నిలబడిన మనిషి సాయంత్రం సెంటర్ ఫార్వర్డ్. గోల్ మిస్సయితే మర్నాడు క్యాంటీన్‌లో సాంబారు పోసేవాడు కూడా అడిగేవాడట.

నన్ను అశోక్‌నగర్ బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియానికి మొదటిసారి లాక్కెళ్ళింది ఆయనే. బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టి, తొలి ఏడాదే అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచినప్పుడు సొంత మైదానం ఇదే. తర్వాత వాళ్ళు కంఠీరవకు మారారు. ఇక్కడ జరిగేది రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం లీగ్: పైన సూపర్ డివిజన్, దాని కింద ఎ, బి, సి డివిజన్లు. నేను మొదటిసారి పోయినప్పుడు జనం అరవై మందికి మించి లేరు. అందులో సగం ఆటగాళ్ళ అన్నదమ్ములూ స్నేహితులే అనుకుంటా. కుర్చీల మీద ముందురోజు వాన నీళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నాయన సంచిలోంచి పాత టవల్ తీసి తుడిచాడు, టవల్ తెచ్చుకునేంత అనుభవం.

ఆట మొదలయ్యాక ఐదు నిమిషాలకు అర్థమైంది, ఇక్కడ అన్నీ వినబడతాయి. కాలు కాలికి తగిలిన చప్పుడు, ఆర్టిఫిషియల్ టర్ఫ్ మీద జారితే వచ్చే బరబర, కోచ్ తిట్లు. రిఫరీ ఒక కుర్రాణ్ణి పిలిచి "ఇంకోసారైతే కార్డే" అన్నది కూడా. కంఠీరవలో ఎప్పుడూ గమనించని సంగతి ఒకటుంది. ఫుట్‌బాల్‌లో కాళ్ళతో సమానంగా నోరూ పనిచేయాలి. వెనక నుంచి ఎవడొస్తున్నాడో బంతి ఉన్నవాడికి కనబడదు, పక్కవాడు చెప్పాలి. మంచి డిఫెన్స్ అంటే ఆగకుండా వాగే డిఫెన్స్. బెంగళూరు మైదానాల్లో ఆ వాగుడు తమిళం, మలయాళం, కన్నడ, మణిపురి కలగలుపు. పెద్ద క్లబ్బుల రెండో జట్ల, అంటే రిజర్వ్ టీమ్‌ల, పిల్లలూ ఈ లీగ్‌లోనే ఆడతారు. రోషన్ సింగ్, శివశక్తి బెంగళూరు రిజర్వ్స్‌లో ఆడి పైకొచ్చినవాళ్ళే. చిన్నాయన మాత్రం పేర్లు గుర్తుపెట్టుకోడు. "ఆ ఎడమకాలోడు" అంటాడు, అంతే.

పోయిన నెల ఎ డివిజన్ మ్యాచ్. నిజం చెప్పాలంటే ఆట నాసిరకం. మూడు పాస్‌లు వరసగా పడితే మేమే చప్పట్లు కొట్టేలా ఉంది. సెకండాఫ్‌లో ఫోన్ చూసుకుంటున్నాను, అప్పుడు వినబడింది:

"యాడికి పోతాండావ్ రా! ఈడికి రా!"

ఇద్దరం ఒకేసారి తలెత్తాం. అచ్చం మా అనంతపురం యాస. సెంటర్ బ్యాక్ ఆడుతున్న పొడుగాటి కుర్రాడు, పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. ఆ మాట అర్థం కాని లెఫ్ట్ బ్యాక్ ఎక్కడున్నవాడు అక్కడే నిలబడ్డాడు, బంతి వాడి వెనక నుంచి పోయింది. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యాన మా వైపు పిల్లలకు ఫుట్‌బాల్ కొత్త కాదు, కానీ ఇక్కడ వినడం ఇదే మొదలు. ఇక మేం ఊరుకుంటామా? మిగతా అరగంట చిన్నాయన లేచి నిలబడి "ఎనకాల ఉండాడు చూడప్పా!" అని అరుస్తూనే ఉన్నాడు. వాడు ఒకసారి తిరిగి చూసి నవ్వాడు కూడా. 3-0తో ఓడారు.

గేటు దగ్గర బూట్లు చేత్తో పట్టుకుని వాడే మా దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరన్నా మీది?"

"ధర్మవరం. నీదో?"

"కదిరి. ఆ మూడో గోల్ నా తప్పు కాదన్నా. మా కీపర్ కేకెయ్యలేదు."

"ఏసినాడు" అన్నాడు చిన్నాయన. "మాకు ఇనబడె."