ఎత్తు మడులకు చవక కర్ర కావాలా? పాత చౌకట్లు వెతకండి

పెరట్లో చుట్టూ గట్టు పెట్టి మట్టి నింపే ఎత్తు మడి కట్టాలనుకున్నవాళ్ళు ముషీరాబాద్ టింబర్ డిపోలో కొత్త టేకు ధర అడగ్గానే కర్ర ఆలోచన మానుకుని ఇటుకల వైపు వెళ్ళిపోతారు. అంత తొందరపడనక్కర్లేదు. హైదరాబాద్‌లో పాత ఇళ్ళు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి కూల్చేస్తున్న ప్రతి కాలనీలోనూ చౌకట్ల, అంటే ద్వారబంధాల, రూపంలో మంచి కర్ర బయటికొస్తోంది. మడి గట్టుకు అంతకన్నా తగిన సరుకు ఈ ఊళ్ళో, ఆ ఖర్చులో, ఇంకొకటి లేదని నా నమ్మకం.

ముందు చేవ సంగతి. దుంగ మధ్యలోని ముదురు రంగు భాగం చేవ. బెరడు వైపు ఉండే లేత చెక్కలో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి చెదలకూ బూజుకూ అదే మొదటి మేత. తడి మట్టిని ఆనుకుని ఉండే చోట చేవ లేని ముక్క నిలవదు, టేకైనా సరే. కోత మిల్లులో దుంగ పక్కలు చెక్కగా వచ్చే బెరడు పలకలు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి కూడా బాగుంటాయి. కానీ అవి దాదాపు మొత్తం లేత చెక్కే. సర్వి కర్రలు, జామాయిల్ కర్రలు కూడా చిన్న వయసులో కొట్టినవే, చేవ తక్కువ. రెండు వానాకాలాలు తట్టుకుంటే గొప్ప. వెదురు కూడా అంతే. సెంట్రింగ్ చెక్కల జోలికి అసలు వెళ్ళొద్దు. కాంక్రీటు అంటుకోకుండా వాటికి వాడేసిన ఇంజనాయిల్ పూస్తారు, అది చెక్కలోకి ఇంకిపోయి ఉంటుంది. ఆకుకూరల పక్కన అలాంటిది పెట్టకూడదు.

ప్యాలెట్ల గురించి, అంటే సరుకు కింద పెట్టి మోసే చెక్క బల్లల గురించి, చాలామంది అడుగుతారు. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, కాటేదాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి తుక్కు దుకాణాల్లో దొరుకుతాయి. విదేశీ రవాణాకు వాడిన ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించాలన్నది నియమం. 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారు, అది వదిలేయండి. మన దేశంలోనే తిరిగిన ప్యాలెట్‌కు ముద్ర ఉండాల్సిన పనిలేదు. జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు ఎక్కువ కాబట్టి మరకలున్నవీ, ఘాటు వాసన వచ్చేవీ ముద్ర మంచిదైనా తీసుకోకండి. పైగా ప్యాలెట్ పలక మందం మామూలుగా ముప్పావు అంగుళానికి అటూ ఇటూనే, తడి మట్టి బరువుకు నడుం దగ్గర బయటికి ఉబ్బుతుంది. ఒక సీజన్ తోటకూరకు చాలు.

ఇక చౌకట్. పాత ఇళ్ళ ద్వారబంధాలు ఎక్కువగా 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉంటాయి. సింహద్వారం చౌకట్ సుమారు 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. కింద గడప కూడా ఉంటే నాలుగువైపులా కూసాలతో (ఒక చెక్క తొలుపులో ఇంకో చెక్క చివర దిగే అతుకులతో) బిగించిన ఫ్రేమ్ చేతికొచ్చినట్టే. దాన్ని నేల మీద పడుకోబెడితే గోడ మందం వైపున్న 5 అంగుళాలు మడి ఎత్తు అవుతుంది. రెండు చౌకట్లు ఒకదాని మీద ఒకటి పెడితే 10 అంగుళాలు. టమాటా, వంకాయ, బెండ అన్నిటికీ అది సరిపోతుంది, కిందనున్న నేల కూడా తవ్వి వదులు చేస్తే వేళ్ళకు ఇంకా లోతు దొరుకుతుంది. లోపలి వెడల్పు 3 అడుగులు, ఏ వైపు నుంచైనా చెయ్యి మధ్యకు అందుతుంది. కోత కూలి లేదు, మూలల దగ్గర అతుకు పనీ లేదు.

గడపకు పసుపు రాసి మొక్కే ఇళ్ళలో దాన్ని మట్టిలో పెట్టడానికి మనసొప్పదు. అలాంటివాళ్ళు లోపలి గదుల చౌకట్లు తీసుకోండి, వాటికి చాలావరకు గడప ఉండదు. నాలుగో వైపు అదే మందం ముక్కను ఎల్ క్లిప్పులతో బిగిస్తే సరి.

ధర పోల్చడానికి ఒక లెక్క: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 21 అడుగుల చుట్టుకొలత, 5, 3 అంగుళాలు అంటే సుమారు 2.2 ఘనపుటడుగులు. తలుపు కూర్చునే గాడికీ, కూసాల తొలుపుకూ ఓ పది శాతం తగ్గించుకోండి. ఆ సంఖ్య చేతిలో ఉంటే బేరం తేలిక. రోడ్డు పక్కన పాత తలుపులు, కిటికీలు పేర్చి అమ్మే అడ్డాల కన్నా, ఇల్లు కూలుస్తున్న చోటే కాంట్రాక్టరును అడిగితే ఇంకా తగ్గుతుంది. ఎందుకంటే అక్కడి నుంచి మోత ఖర్చు అతనికి తప్పుతుంది.

చూసేటప్పుడు నిలువు చెక్కల కింది చివర్లు ముందు చూడండి. నేల తడి, బాత్రూం నీళ్ళు తగిలి పాడయ్యేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే మెత్తగా దిగిపోతే వద్దు. వేళ్ళ కణుపులతో కొట్టి చూస్తే బోలు చప్పుడు వస్తే లోపల చెదలు తినేసినట్టు. సన్న చిల్లుల్లోంచి పిండి రాలుతుంటే అదీ వద్దు. రంగు కింద చాకుతో ఓ చిన్న గీత గీయండి. టేకు చేవ బంగారు గోధుమ రంగులో, కాస్త జిడ్డుగా, వాసనతో ఉంటుంది. వేప చేవ ఎర్రగా, తుమ్మ చేవ ఇంకా ముదురుగా ఉంటాయి. తుమ్మ దొరికితే వదలకండి, మేకు దిగనంత గట్టిది.

రంగు విషయంలో జాగ్రత్త చాలా అవసరం. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90కి) పరిమితం చేసిన నియమాలు 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉందనే అనుకోవాలి. చౌకట్ పడుకోబెట్టినప్పుడు, గుమ్మం దాటేటప్పుడు మన పక్కన ఉండే రంగు ముఖమే ఇప్పుడు మట్టి వైపు ఉంటుంది. కాబట్టి ఆ ముఖాన్ని తప్పకుండా చిత్రిక పట్టించండి. శాండింగ్ మెషిన్ వద్దు, దుమ్ము పీల్చేస్తాం. కింద టార్పాలిన్ పరిచి, రాలిన పొరలన్నీ మూటగట్టి చెత్తబండికి ఇవ్వండి, కాల్చకండి. వార్నిష్ మాత్రమే ఉన్న చౌకట్ దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోవడం మేలు. గోడలోకి పోయిన ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లు కోయించేయండి, పిల్లల కాళ్ళకు తగులుతాయి.

అమర్చేటప్పుడు చుట్టూ 3 అంగుళాల లోతు కాలువ తీసి 20 ఎంఎం కంకర నింపండి. చెక్క నేరుగా మట్టి మీద కూర్చోకూడదు. కింది చౌకట్ గాడి కిందికి, పై చౌకట్ గాడి పైకి ఉండాలి. అప్పుడు చదును ముఖాలు రెండూ కలుస్తాయి, మధ్యలో నీరు నిలిచే సందు ఉండదు. నాలుగు మూలల్లో, పొడుగు వైపుల మధ్యలో, మొత్తం ఆరు చోట్ల బయటి నుంచి 8 అంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పట్టీలు స్క్రూలతో బిగించండి. పాత టేకుకు ముందుగా 3 ఎంఎం బిట్‌తో చిల్లు వేయకపోతే స్క్రూ తల తెగుతుంది, లేదా చెక్క చీలుతుంది. లోపల ప్లాస్టిక్ షీటు వేస్తే పక్కలకు మాత్రమే వేయండి, అడుగు తెరిచే ఉంచాలి. చేవ ఉన్న కర్రకు అది కూడా అక్కర్లేదని నేనంటాను. షీటుకూ చెక్కకూ మధ్య చిక్కిన తడి ఆరదు.

రెండు చౌకట్ల ఈ మడికి సుమారు 460 లీటర్ల మట్టి మిశ్రమం పడుతుంది, తడిస్తే 600 కిలోలు దాటుతుంది. అందుకే ఇదంతా నేల మీద పెరటికే. మామూలు డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కతో కడతారు. ఈ మడి ఆ లెక్కకు దాదాపు రెట్టింపు.

వానాకాలంలో నెలకోసారి బయటివైపు చుట్టూ చూడండి. గట్టుకు ఆనించి ఎండుటాకులు, కొబ్బరి పీచు కుప్ప పోయొద్దు. కింది కంకర కనబడుతూ ఉంటేనే చెదలు మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి ఎక్కడం కంటబడుతుంది. కనబడిన రోజే గీకేసి, అక్కడి కంకర తీసి కడిగి మళ్ళీ నింపండి.