శవ పంచనామాకు పిలిచారు

అనంతపురంలో మా కాలనీ పార్కులో రాత్రిపూట ఒకతన్ని చంపేశారు. తెల్లారి వాకింగ్‌కు వెళ్లిన నన్నూ, పక్కవీధి మేస్త్రీనీ పోలీసులు పంచాయతీదార్లుగా, అంటే శవ పంచనామాకు సాక్షులుగా ఉండమన్నారు. ఇరుక్కుపోయాం రా దేవుడా అనుకున్నా. కానీ ఎవరు చంపారో చెప్పడం మన పని కాదు. శవం ఎలా పడి ఉంది, గాయాలు ఎక్కడున్నాయి, ఒంటిమీద ఏమున్నాయి అన్నది చూడాలి. చావుకు కారణం ఏమనుకుంటున్నామో అడిగి అదీ రాస్తారు.

రాసే హెడ్ కానిస్టేబుల్ పేజీ తిప్పిన ప్రతిసారీ పెన్ను కళ్లకద్దుకునేవాడు. 2024 జూలై 1 నుంచి పంచనామా సెక్షన్ కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194 అయినా, ఆయన నోటికి పాత సీఆర్‌పీసీలోని 174 అనే వస్తుంది. నాలుక కరుచుకుని మళ్లీ దిద్దుకునేవాడు.

సీఐ గారిది ఇంకో రకం. క్లూస్ టీమ్ పని ముగించాక, శవం దొరికిన చోటికి ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద పడుకున్నాడు! అటు తిరిగి, ఇటు తిరిగి, లేచి, "మీరూ కూర్చుని చూడండి సార్. గేటు దగ్గర లైటు కనబడుతుందా?" అన్నాడు. కనబడలేదు, కానుగ చెట్టు అడ్డం. మేస్త్రీనీ కూర్చోబెట్టాడు. ఇద్దరం చూశాకే ఆ మాట రాయించాడు. ఇదేం చాదస్తం అనుకున్నా.

రక్తం ఇంకిన మట్టి ఒక డబ్బాలో, కాస్త దూరం నుంచి మామూలు మట్టి ఇంకో డబ్బాలో తీసుకున్నారు. ల్యాబ్‌లో రెండూ పోల్చి చూస్తారట. మూతలకు సీలు వేసి, అంటించిన చీటీల మీద మా సంతకాలు తీసుకున్నారు. బ్యాంకులో చేసే సంతకమే చేయండి, తర్వాత గుర్తుపట్టాల్సింది మీరే. పంచనామా చదవకుండా మాత్రం పెట్టొద్దు. చేతిరాత అర్థం కాకపోతే హెడ్డు గారినే చదివి వినిపించమనండి, మొహమాటం వద్దు. తర్వాత శవాన్ని సర్వజన ఆసుపత్రికి పోస్ట్‌మార్టంకు పంపారు.

ఏడాది దాటాక కోర్టు సమన్లు వచ్చాయి. టెన్షన్‌తో ముందురోజు రాత్రి నిద్ర లేదు. ప్రభుత్వ లాయర్ పీపీ గారు సంతకాలు చూపించి మీవేనా అన్నారు, అవునన్నా. డిఫెన్స్ లాయర్ మొదటి ప్రశ్న అందరినీ అడిగేదే: "స్టేషన్‌కు పిలిపించి తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు కదా?" కాదన్నా. తర్వాతే అసలుది.

"బెంచీ దగ్గర నుంచి గేటు లైటు బాగా కనబడుతుంది కదా?"

"కనబడదు సార్. నేను కూర్చుని చూశాను."

ఆయన ఇంకో రెండు విధాలుగా అడిగాడు. నేను అదే చెప్పా. సీఐ ఆ రోజు బెంచీ మీద ఎందుకు పొర్లాడో అప్పుడు తెలిసింది.

చెప్పింది టైపు చేసి తెలుగులో వినిపించారు. కానుగకు బదులు వేప అని పడింది. చేయెత్తి చెప్పా. జడ్జి గారు దిద్దించారు. సంతకం పెట్టి, సాక్షి బత్తా ఎక్కడిస్తారో బెంచ్ క్లర్కును అడిగి బయటికొచ్చా. మేస్త్రీ వంతు ఇంకా రాలేదు, వరండాలో కూర్చుని ఉన్నాడు.