మెడ వెనుక ఆ రెండు మిల్లీమీటర్లు

లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో వైద్యుడు కిప్రోస్ నికొలాయిడిస్ బృందం 1992లో చెప్పిన సంగతి ఇది: పిండం మెడ వెనుక నీటిపొర మందంగా ఉంటే డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల వచ్చే స్థితి) అవకాశం ఎక్కువ. ఆ మందం కొలవడాన్నే మనం ఎన్‌టీ (నూకల్ ట్రాన్స్‌లూసెన్సీ) స్కాన్ అంటున్నాం.

11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, పిండం పొడవు 45–84 మి.మీ. ఉన్నప్పుడే కొలవాలి. తల వెనక్కి వాలితే కొలత పెరుగుతుంది, గడ్డం ఛాతీకి ఆనితే తగ్గుతుంది. ఉమ్మనీటి సంచి పొరను చర్మమని పొరబడటం మరో తప్పు. బిడ్డ కదిలేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు రెండూ విడిగా కనిపిస్తాయి. ఒకటికి మించి కొలిచి, సరిగ్గా వచ్చినవాటిలో పెద్దది రాయాలి.

మందం ఎక్కువైతే జబ్బు ఖాయమని కాదు. ఈ మాట తల్లికి అక్కడికక్కడే చెప్పాలి. నిర్ధారణకు ఉమ్మనీరో, మాయ ముక్కో తీసి క్రోమోజోములు చూడాలి.

2017లో నికొలాయిడిస్ బృందమే ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే జబ్బు) గురించి మరొకటి తేల్చింది: ఆ ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మి.గ్రా. ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు కాన్పుకు దారితీసే ప్రీఎక్లాంప్సియా సుమారు 62 శాతం తగ్గింది.